పోయిన వారం వచ్చుంటే

ఆసుపత్రి భోజనాల గదిలో మందుల స్టోరు చూసే ఆయన ముందు క్యారియర్ విప్పడు, ఫోన్ తీస్తాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, తెర మీద వేలు పైకీ కిందికీ జరిపి, గొంతు సవరించుకుని అడుగుతాడు.

"చెల్లెమ్మా, ఈ వారం ఎంతకెళ్ళిందో తెలుసా?"

ఎవరిని అడుగుతున్నాడో, దేని గురించి అడుగుతున్నాడో ఆ గదిలో నర్సులకీ, లిఫ్ట్ నడిపే అతనికీ, ఊరికే చేతులు కడుక్కోవడానికి వచ్చినవాళ్ళకీ కూడా తెలుసు. చీకటక్క తలెత్తదు. "చెప్పన్నయ్యా, నువ్వు చెప్పకపోతే నాకు ముద్ద దిగదు" అంటుంది. ఆయన చెబుతాడు. గదిలో ఎవరో ఒకరు "అయ్యో" అంటారు. జాలితోనే అంటారు గాని, ఆ అయ్యో విన్నప్పుడల్లా ఆవిడకు ఒళ్ళు మండుతుంది.

చీకటక్క అన్నది ఆసుపత్రి పెట్టిన పేరు. ఎక్స్‌రే గది వెనకాల, రెండు తలుపుల అవతల, ఎర్ర బల్బు వెలుగులో ఫిల్ములు కడగడం ఆవిడ పని. అటు గదిలో మనిషిని నిలబెట్టి ఎక్స్‌రే తీస్తారు. ఇటు ఆవిడ ఫిల్ము ఉన్న క్యాసెట్ డబ్బా విప్పి, ఫిల్మును స్టీలు హ్యాంగరుకు తగిలించి, బొమ్మ తేల్చే డెవలపరు తొట్టెలో ముంచి, నీళ్ళలో జాడించి, బొమ్మను నిలబెట్టే ఫిక్సరు మందులో వేస్తుంది. పెళ్ళయిన కొత్తలో చేరింది, ఇప్పుడు జుట్టు నెరిసింది. "మీ ముఖం గుర్తులేదండీ, మోకాలు చూపిస్తే గుర్తుపడతా" అని రోగులతో వేళాకోళమాడేది. వేళాకోళమే గాని అందులో ఒక కొరత ఉంది. ఎముకలు కడిగీ కడిగీ విసుగొచ్చి, ఆ తొట్టెలోంచి ఒక్కసారైనా మనిషి ముఖం పైకి తేలితే చూడాలని ఆవిడకు కోరిక.

ఆ కోరికకు తగ్గ అవకాశం ఒకసారి ఇంటి గుమ్మందాకా వచ్చి వెళ్ళిపోయింది. ఆసుపత్రికి అప్పట్లో ఒక ఫోటోగ్రాఫరు ఉండేవాడు. ఆపరేషనుకు ముందూ తర్వాతా పుండ్లూ కుట్లూ ఫోటోలు తీయడం ఆయన ఉద్యోగం. ఆ ఫిల్ములూ ఈవిడే కడిగేది. వాటిలోనూ ముఖాలు ఉండేవి కావు, రోగి ముఖం పడకుండా తీయాలని నియమం. ఆయన రిటైరయ్యే రోజున కెమెరా తెచ్చి ఈవిడ బల్ల మీద పెట్టాడు. ఇది నా సొంతం, ఇంక నాకెందుకు, నువ్వు తీసుకో అన్నాడు. అడిగింది ఒక జత మంచి చెప్పుల ధర.

ఆవిడ ఏమందో తెలుసా? "ఆలోచించి చెబుతా సార్" అంది. ఆలోచించడానికి ఏమీ లేదు. ఆ రోజుల్లో అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి, ఫిల్ము కెమెరాలను పాత పేపర్లతో పాటు తూకానికి వేస్తున్నారు. ధర వారం వారం దిగుతోంది. సాయంత్రందాకా ఆగితే కూరగాయలు చవకవుతాయని తెలిసిన మనిషి ఆవిడ. ఇంకో నెల ఆగితే సారు ఊరికే ఇచ్చేస్తాడనుకుంది. మర్నాడు పొద్దున్నే మందుల స్టోరాయన వెళ్ళి కొనుక్కొచ్చాడు. ఆయనకు ఫోటోలంటే ఇష్టమేమీ లేదు. బీరువాలో ఒక అర ఖాళీగా ఉందట, అందులో పెట్టడానికి బాగుంటుందని కొన్నాడు.

ఆ తర్వాత లోకానికి ఏ గాలి సోకిందో తెలియదు. కుర్రకారు మళ్ళీ ఫిల్ము ఫిల్ము అని తిరగడం మొదలుపెట్టారు. మొదటి ఏడాది ఆ కెమెరా మిక్సీ ధరకు చేరింది. తర్వాత ఫ్రిజ్ ధర. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్ స్కూటర్ ధర. ఇప్పుడు స్కూటర్ కూడా వెనకబడింది. ధర ఎక్కే ప్రతి మెట్టూ స్టోరాయన భోజనాల వేళ చదివి వినిపించాడు. కొననందుకు ఆవిడకు బాధ లేదా అంటే ఉంది, కడుపులో ముల్లులా ఉంది. ఒక్కోసారి గిన్నెలు తోముతూ తోముతూ "ఆలోచించి చెబుతా సార్" అని తనను తానే వెక్కిరించుకునేది.

ఇట్లా ఉండగా ఆసుపత్రిలో కొత్త ఎక్స్‌రే యంత్రం దిగింది. దానికి ఫిల్ము అక్కర్లేదు, తొట్టె అక్కర్లేదు, బొమ్మ నేరుగా కంప్యూటరులో పడుతుంది. ఎక్స్‌రే విభాగం చూసే డాక్టరమ్మ ఆవిడను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడారు. ఉద్యోగానికి ఢోకా లేదు, కౌంటరులో కంప్యూటరు ముందు కూర్చోవచ్చు. నెలాఖరు శనివారం నాడు తొట్లు ఖాళీ చేస్తారు, ఆ గదిలో కొత్త యంత్రం బ్యాటరీలు పెడతారు.

"నీకేమైనా ఇబ్బందా?" అని అడిగారు డాక్టరమ్మ.

"కంప్యూటరుతో ఇబ్బంది లేదమ్మా. తొట్టెతో చిన్న పనుంది, అది మిగిలిపోయింది" అంది ఆవిడ. సంగతి చెప్పింది. ఈ ఆసుపత్రి మనుషుల ముఖాలు ఈ తొట్టెలోనే కడగాలని ఉందంది. డాక్టరమ్మ నవ్వలేదు. గడువు దాటిన ఎక్స్‌రే ఫిల్ము ప్యాకెట్టు ఒకటి పారేయాల్సిందే ఉంది, అది తీసుకో అన్నారు.

ఫిల్ము ఉంది, తొట్టె ఉంది, కావలసింది కెమెరా. ఆవిడ పౌరుషం పక్కన పెట్టి మందుల స్టోరుకు వెళ్ళింది.

"అన్నయ్యా, ఒక్క రోజుకి నీ కెమెరా ఇస్తావా? ఎక్స్‌రే ఫిల్ము అందులో పట్టదు, దానికి సరిపడా ఫిల్ము రీలు నేనే కొనుక్కుంటా. తీసి, తుడిచి, నీ చేతిలో పెడతా."

ఆయన మందుల పెట్టెలు సర్దుతున్నవాడల్లా ఆగిపోయాడు. "అమ్మో, నీకేం తెలుసు చెల్లెమ్మా. నేను కొన్న దగ్గర్నుంచీ అందులో ఫిల్ము పడలేదు. పడితే వాడిన సరుకైపోతుంది."

"అది ముందే వాడిన సరుకు కదన్నయ్యా. సారు ఉద్యోగమంతా దాంతో పుండ్లూ కుట్లే తీశాడు."

"అది అప్పుడు. నా చేతికొచ్చాక వాడలేదు. ఆ మాటకే ధర." ఆయన గొంతు తగ్గించాడు. "అయినా సారు ముందు నీకే ఇస్తానన్నాడుగా. నువ్వే ఆలోచిస్తానన్నావు."

ఆవిడ వెనక్కి తిరిగి వచ్చేసింది. ఉంటే నోరు జారుతుందని తెలుసు.

ఆదివారం నాడు పాత కెమెరాలు అమ్మే దుకాణానికి వెళ్ళింది. ఒకప్పుడు అది రేడియోలు బాగుచేసే కొట్టు. ఇప్పుడు అద్దాల బీరువాలూ, వాటిలో దీపాలూ, ఒక్కో కెమెరా కింద ఒక్కో మఖమలు గుడ్డా. కొట్టాయన మర్యాదగానే మాట్లాడాడు. ఆవిడ చూపించినదాని ధర చెప్పాడు. దానికంటే చిన్నది చూపిస్తే దాని ధరా చెప్పాడు. ఆఖరికి ఒక మూల బుట్టలో ఉన్న విరిగినదాన్ని చూపిస్తే, "అది విడిభాగాలకమ్మా, దానికీ గిరాకీ ఉంది" అని దానికీ పెద్ద ధరే చెప్పాడు.

"ఇంతెందుకైందండీ?"

"పోయిన వారం వచ్చుంటే ఇంకో ధర ఉండేదమ్మా. పోయిన వారం వచ్చుంటే నేనే తగ్గించి ఇచ్చేవాణ్ణి." ఆయన నిజంగానే నొచ్చుకుంటూ అన్నాడు. పక్కన ఉన్న కుర్రవాడితోనూ అదే నొచ్చుకోలుతో అదే మాట అంటుండగా ఆవిడ విన్నది.

రోడ్డు మీదికి వచ్చేసరికి ఆవిడకు కోపం తన్నుకొచ్చింది. కొట్టాయన మీద కాదు, స్టోరాయన మీదా కాదు. ఆ పోయిన వారం మీద. ఎప్పుడు ఏ కొట్టుకెళ్ళినా అది ముందే వచ్చి, మంచి సరుకంతా పట్టుకెళ్ళిపోయి ఉంటుంది. దాని వెనక పరిగెత్తీ పరిగెత్తీ ఇన్నేళ్ళూ గిన్నెలు తోముకుంటూ ఏడ్చింది చాలు. బస్సు కోసం నిలబడి ఆవిడ గట్టిగానే అనేసింది: "పోతే పో. నీ కెమెరా నువ్వే ఉంచుకో." పక్కన నిలబడ్డ ముసలాయన, ఎవరితోనండీ అని అడిగి, కొంచెం ఎడంగా జరిగాడు.

ఇంటికి వచ్చేసరికి భర్త కింద కొట్టులో సోఫాకు గుడ్డ బిగిస్తున్నాడు. సోఫాలు కుట్టడం ఆయన పని. నోట్లో మేకులు పెట్టుకునే మాట్లాడతాడు.

"కొన్నావా?"

"లేదు."

"అప్పుడే కొనుండాల్సింది."

"అప్పుడు మీరేమన్నారో గుర్తుందా? పాత సామాను ఇంటికి తేవద్దన్నారు."

ఆయన మేకులు తీసి చేతిలో వేసుకున్నాడు. మాట మార్చడానికి ఇటూ అటూ చూశాడు.

"నల్ల రెక్సిన్ ముక్కలున్నాయా?" అంది ఆవిడ. "జిగురు కావాలి. మీ చిన్న మేకులు కావాలి. కుట్లు చూసుకునే ఆ భూతద్దం కూడా కావాలి."

"ఏం చేస్తావు?"

"కెమెరా. సారు ఒకసారి చెప్పాడు, కెమెరా అంటే చీకటి పెట్టె, దానికో కంత, అంతేనని. చీకటి సంగతి నాకు ఒకళ్ళు చెప్పాలా?"

ఇద్దరూ కలిసి రెండు చెక్క సొరుగులు ఒకదాంట్లో ఒకటి జారేట్టు కుదిర్చారు. సందుల్లో రెక్సిన్ అంటించారు. ముందు భూతద్దం, దాని మీద నడిమధ్య చిల్లి ఉన్న నల్ల అట్ట, ఆ అట్టకు మూతగా మందు డబ్బా మూత. వెనక నూనె పూసిన కాగితం పెట్టి, వెనక సొరుగును అటూ ఇటూ జరుపుతూ బొమ్మ తేటపడేదాకా చూడాలి. తేటపడ్డాక కాగితం తీసి, చీకట్లో ఆ చోట ఫిల్ము పెట్టాలి. చూడటానికి అది కెమెరాలా లేదు. పాత వస్తువులు కొనేవాడు కూడా తలుపు తట్టి అడగని ఆకారం.

మొదటి ఫిల్ము తొట్టెలో వేస్తే మొత్తం నల్లగా మాడిపోయింది. ఎక్కడో సందుంది. సందు వెతికి రెక్సిన్ అంటించింది. రెండోది గాజులా ఏమీ లేకుండా వచ్చింది, వెలుగు చాల్లేదు. మూడోదానికి భర్తను సగం కుట్టిన సోఫాలో కూర్చోబెట్టి, మూత తీసి పది లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆయన తుమ్మాడు. పెట్టె ఆసుపత్రికి మోసుకెళ్ళి కడిగితే, ఆ ఫిల్ములో ఆయనకు రెండు ముక్కులొచ్చాయి. తర్వాత ఆయన దాన్ని గోడకు తగిలించుకుంటానని పట్టుబట్టాడు. ఆవిడకు మాత్రం ఆ రెండు ముక్కుల మధ్య ఒక ముఖం కనబడింది. మసగ్గా, ఒక మూల పొగ కమ్మినట్టు ఉన్నా, ముఖం ముఖమే. ఆ రోజు ఆవిడ బస్సులో నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళింది.

తప్పులన్నీ అయ్యేసరికి ప్యాకెట్టులో రెండే ఫిల్ములు మిగిలాయి. ఒకటి అందరికీ. రెండోది ఎందుకో ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

శనివారం నాడు ఎక్స్‌రే గది బయటి వరండాలో, పెద్ద కిటికీ ఎదురుగా, మందులు తోసుకెళ్ళే బండి మీద సొరుగుల పెట్టెను నిలబెట్టింది. డాక్టరమ్మ వచ్చారు. నర్సులు వచ్చారు. చక్రాల కుర్చీ తోసే అతను, లిఫ్ట్ నడిపే అతను, నేల తుడిచే పెద్దావిడ వచ్చి నిలబడ్డారు. పెట్టెను చూసి కొందరు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తొట్లు ఖాళీ చేయడానికి డ్రమ్ములతో వచ్చిన ఇద్దరు మనుషులు ఒక పక్కన బీడీలు లేక దిగులుగా కూర్చున్నారు.

ఆఖర్న స్టోరాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కెమెరా. కెమెరా వెండి రంగు తలా, నల్లటి ఒళ్ళూ తళతళలాడుతున్నాయి. "గదికి ఆఖరి రోజు కదా, సారు గుర్తుగా ఇది కూడా ఫోటోలో ఉంటే బాగుంటుందని తెచ్చా" అన్నాడు. గుంపులో ఎవరి మోచెయ్యి తగులుతుందోనని దాన్ని రెండు చేతులా గుండెకు అదుముకుని నిలబడ్డాడు.

"ఉండనీ అన్నయ్యా, బాగుంది" అంది ఆవిడ. నిజంగానే బాగుంది. ఇన్నేళ్ళ తర్వాత దాన్ని ఎదురుగా చూస్తోంది. అంత అందమైన వస్తువును కాదనుకున్న చెయ్యి తనదే. ఆ చేత్తోనే డబ్బా మూత పట్టుకుంది.

"అందరూ వినండి. ఎక్స్‌రే అనుకోండి. ఊపిరి పీల్చి బిగబట్టి, నేను చెప్పేదాకా కదలొద్దు. నేను పది లెక్కపెడతా."

మూత తీసింది. లెక్కపెట్టింది. మూత పెట్టింది. "ఊపిరి వదలండి" అంటే అందరూ ఒక్కసారి నవ్వారు. ఎవరి వార్డులకు వాళ్ళు వెళ్ళిపోయారు. స్టోరాయన మాత్రం కదల్లేదు. ఎలా వచ్చానో చూసుకుని పోతానన్నాడు.

పెట్టెతో పాటు ఆయన్నీ లోపలికి తీసుకెళ్ళి, రెండు తలుపులూ వేసుకుని, ఎర్ర బల్బు కింద ఆవిడ ఫిల్మును హ్యాంగరుకు తగిలించి డెవలపరులో ముంచింది. పైకి తీసి, మళ్ళీ ముంచింది. ముందు కిటికీ నీడ వచ్చింది. తర్వాత తలలు వచ్చాయి. నెగటివులో ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా ఉంటాయి. మామూలువాళ్ళకు అవి దయ్యాల్లా కనబడతాయి. ఆవిడ కళ్ళు వాటికి అలవాటు పడ్డవే కాబట్టి చదువుకుంటూ పోయింది. ఇది డాక్టరమ్మ. ఇది పెద్దావిడ, బోసినోటితో నవ్వు ఆపుకుంటోంది. ఇది లిఫ్ట్ అతను, ఛాతీ మరీ పొంగించాడు. ఇంతకాలం ఎముకలు తేలిన తొట్టెలోంచి ఒక్కొక్కరే తేలుతుంటే ఆవిడకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఏడ్చింది. స్టోరాయన మర్యాదగా గోడవైపు చూశాడు.

ఫిక్సరులో ఉంచి, నీళ్ళలో జాడించి, తెల్ల దీపం వేసి, ఫిల్మును వ్యూ బాక్సు మీద పెట్టింది. ఎక్స్‌రేలు చూసే ఆ వెలుగు పలక మీద గుంపంతా నిలబడి ఉంది. స్టోరాయన కళ్ళజోడు దించుకుని దగ్గరికి వచ్చాడు. తన చోటు వెతుక్కున్నాడు.

చొక్కా వచ్చింది. రెండు చేతులూ వచ్చాయి. చేతుల మధ్య కెమెరా అంచులతో సహా, తిప్పే చక్రం గీతలతో సహా వచ్చింది. మెడపైన మాత్రం ఒక మసక చార ఉంది. పది లెక్కపెట్టే లోపల కెమెరా భద్రంగా ఉందో లేదో ఆయన ఎన్నిసార్లు తల వంచి చూసుకున్నాడో, పక్కవాళ్ళ మోచేతుల వైపు ఎన్నిసార్లు చూశాడో ఆయనకే తెలియాలి.

"ఇది నేనేనా?"

"నువ్వే అన్నయ్యా. కెమెరా బ్రహ్మాండంగా వచ్చింది."

ఆయన నవ్వలేదు. వేలితో ఆ చారను తుడవబోయి, ఆగిపోయాడు. "అందరూ ఉన్నారు" అన్నాడు. ఆ మాట అన్న తీరుకు ఆవిడకు జాలేసింది. ఇన్నేళ్ళు ధరలు చదివి వినిపించిన మనిషేనా అనిపించింది.

"ఇంకో ఫిల్ముందిగా చెల్లెమ్మా. నన్నొక్కణ్ణి తియ్యి. ఈసారి కదలను."

బయట డ్రమ్ములవాళ్ళు తలుపు తట్టారు. ఆవిడ ఒక్క నిమిషం అని కేకేసింది. జాలి ఉంది, ఆయన అడగడంలో తప్పూ లేదు. పాతరోజుల్లో అయితే ఆవిడ ఆలోచించి చెబుతానని అనేదే, అనేసి ఆ ఫిల్ము పోగొట్టుకునేదే.

"ఇవ్వను" అంది. "అది నాకు. ఈ తొట్టె దగ్గర నా ముఖం ఒక్కటి పడాలి. ఇంకో వారం ఇది ఉండదు."

ఆయన అర్థమైనట్టు తలూపాడు. వెళ్ళబోయాడు.

"ఎక్కడికి? మూత ఎవరు తీస్తారు? నేనే నిలబడి నేనే తీయలేను కదా. నువ్వు తియ్యాలి."

"నేనా? నేనెప్పుడూ ఫోటో తీయలేదు చెల్లెమ్మా."

"తెలుసు."

ఎర్ర బల్బు కింద ఆఖరి ఫిల్ము పెట్టెలో పెట్టి, మళ్ళీ తెల్ల దీపం వేసింది. ఇక్కడ కిటికీ వెలుగు లేదు కాబట్టి ముప్ఫై లెక్కపెట్టాలంది. పెట్టె ఒక చేత్తో కదలకుండా పట్టుకోవాలి, రెండో చేత్తో మూత తీయాలి. ఆయన రెండు చేతులూ చూసుకున్నాడు. మెడలోంచి కెమెరా తీసి, చూడకుండానే పక్కన తొట్టె గట్టు మీద పెట్టేశాడు. వంగి, పెట్టెను పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఆవిడ హ్యాంగరు చేతిలోకి తీసుకుని, తొట్టె పక్కన నిటారుగా నిలబడింది. కొంగు సర్దుకోలేదు, జుట్టు సర్దుకోలేదు. భూతద్దంలోకి సూటిగా చూసింది. కొనలేదు, అయితే ఏంటి అన్నట్టు చూసింది.

ఆయన మూత తీశాడు. "ఒకటి" అన్నాడు. "రెండు."

తొట్టె గట్టు తడిగా ఉంది. కెమెరా తోలు పట్టీ మెల్లగా జారి, దాని కొస ఫిక్సరులో మునిగింది. ఆవిడ కంటికొసకు కనబడుతూనే ఉంది. ఆయనకు కనబడటం లేదు. ఆయన ఆవిడ ముఖం మీదే చూపు నిలిపి, ఒక్కో అంకె గట్టిగా పలుకుతున్నాడు. పట్టీ ఇంకో జానెడు లోపలికి దిగింది.

చెబుదామంటే పెదవి కదులుతుంది, ఫిల్ములో ముఖం చెదిరిపోతుంది.

"పదకొండు" అన్నాడు స్టోరాయన. ఆవిడ కదల్లేదు.